పది రోజుల కోర్సు నుంచి వచ్చిన నాలుగో రోజే అత్తమ్మ మీద అరిచాను. ఇంట్లో సాధన ఎలా చేస్తున్నారు మీరంతా?

తులసికోట
పోయిన నెల పది రోజుల విపశ్యన కోర్సుకి వెళ్లొచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, తొమ్మిది రోజులు మౌనం, ఫోన్ లేదు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి చూడటం, నాలుగో రోజు నుంచి ఒళ్లంతా గమనించడం. ఆరో రోజుకి మోకాలి నొప్పిని కూడా ‘వచ్చింది, పోతుంది’ అని చూస్తూ గంటసేపు కదలకుండా కూర్చోగలిగాను. అంత నెమ్మది నా మనసుకి ఎప్పుడూ తెలియదు.

ఇంటికొచ్చాను. మా అత్తమ్మకి 76 ఏళ్లు, రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. సాయంత్రమైతే చాలు, “గ్యాస్ కట్టేసినవా?” అని అడుగుతుంది. కట్టేశానని చెప్తాను. రెండు నిమిషాలకి మళ్లీ అదే. నాలుగో రోజు ఆఫీసు పని నెత్తి మీద ఉంది, బాబుకి మర్నాడు పరీక్ష. ఇరవయ్యోసారో ఎన్నోసారో అడిగేసరికి చేతిలో గరిటె స్టౌ మీద విసిరికొట్టి, “ఎన్నిసార్లు చెప్పాలి నీకు!” అని అరిచాను. చేతిలో స్టీలు గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. గ్లాసు వణికి నీళ్లు చీర మీద ఒలికాయి. అయిదు నిమిషాలకి ఆమె అంతా మర్చిపోయింది. నాకే ఆ గ్లాసు కళ్లలో నుంచి పోవట్లేదు.

అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరట్లేదు? వంటింట్లో, ఆఫీసులో, బస్సులో బుద్ధుడు చెప్పింది మీరు ఎలా ఆచరిస్తున్నారు? చదివింది కాదు, చేస్తున్నది చెప్పండి.

చెట్టునీడ
రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చుంటున్నారా? ఈ కోర్సులు మొదలుపెట్టిన గోయెంకా గారు చెప్పి పంపేది అదే కదా. అది వదిలేస్తే కోర్సులో వచ్చిన పట్టు నిలవదు.

తులసికోట
పొద్దున అరగంట కూర్చుంటున్నాను. సాయంత్రం గంట మా ఇంట్లో కుదరదండీ. అత్తమ్మకి ఎక్కువ ఆందోళనగా ఉండేది సరిగ్గా ఆ గంటే.

రాత్రి_డ్యూటీ
అక్కా, నేను డాలస్‌లో ఆసుపత్రి నర్సుని. పన్నెండు గంటల షిఫ్టు, గంట కూర్చునే యోగం నాకూ లేదు. నేను చేసేది ఒక్కటే. ప్రతి పేషెంట్ గది తలుపు పక్కన శానిటైజర్ ఉంటుంది, లోపలికి వెళ్లేముందు చేతులు రుద్దుకోవాలి. ఓ ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లూ చేతుల చల్లదనం, పాదాల కింద నేల, ఒకటో రెండో ఊపిరులు, అంతే. తర్వాత మనసులో “ఈ మనిషి సుఖంగా ఉండాలి” అనుకుని తలుపు తోస్తాను. ఒక్క రాత్రిలో యాభైసార్లు పైనే అవుతుంది. నాకు అదే కూర్చోవడం.

ఊరికే బెల్లు కొట్టే పేషెంట్లు ఉంటారు. ఏడోసారి బెల్లు మోగినప్పుడు దవడ బిగుసుకుంటుంది. ముందు కోపం తెలియదు నాకు, దవడే తెలుస్తుంది. మీకు ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. గరిటె దాకా వచ్చేలోపు ఒంట్లో ఎక్కడో కబురు వచ్చే ఉంటుంది.

పాళీ_అరుగు
4వ పోస్టుకి నా దండం. కోర్సులో వేదనల్ని, అంటే ఒంట్లో తెలిసే స్పర్శల్ని, గమనించమని నేర్పేది ఈ దవడ కోసమే.

తులసికోట గారూ, బుద్ధుడి బోధల పాళీ సంపుటాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో సల్లత్థ సుత్తం అని చిన్న ఉపదేశం ఉంది. బాణం తగిలిన మనిషికి నొప్పి పుడుతుంది, అది మొదటి బాణం. దాని మీద ఏడ్చి, కోప్పడి, తనే పొడుచుకునేది రెండో బాణం. అత్తగారి ప్రశ్న మొదటిది. అరుపు రెండోది. ఇప్పుడు వారం రోజులుగా ఆ గ్లాసుని తలచుకుని మీరు కుమిలిపోతున్నారే, అది మూడోది అనొచ్చేమో. సుత్తంలో మూడోది లేదు, నేను చేరుస్తున్నాను.

తప్పు జరిగాక ఏం చేయాలో వేరేచోట ఉంది. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన మాటలు, మజ్ఝిమ నికాయం అనే ఇంకో సంపుటంలో 61వ సుత్తం. అద్దం దేనికి అని అడుగుతాడు బుద్ధుడు. చూసుకోవడానికి అంటాడు పిల్లవాడు. అలాగే ప్రతి పనినీ చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకో అంటాడు. మాటతో తప్పు జరిగిందా, తెలిసినవాళ్ల ముందు ఒప్పుకో, ఇకమీదట జాగ్రత్తపడు. అంతటితో సరి. కుమిలిపొమ్మని ఎక్కడా చెప్పలేదు. మీరు ఇక్కడ మా ముందు రాశారు కదా, ఒప్పుకోవడం అయిపోయింది.

ఉన్నదున్నట్టు
ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. ముసలివాళ్ల దగ్గర ఓపిగ్గా ఉండటానికి పాళీ సుత్తాలు కావాలా? మా అమ్మమ్మ ఏ కోర్సుకీ వెళ్లలేదు. పదకొండేళ్లు మంచంలో ఉన్న మా ముత్తవ్వకి చేసింది.

మెతుకుసీమ
చేసింది నిజమే. ఆ పదకొండేళ్లు మీ అమ్మమ్మ లోపల ఏమనుకుందో ఎవరైనా అడిగారా?

మా అమ్మ కూడా అట్లనే చేసింది మా నానమ్మకి. నోరు విప్పలేదు. బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది. ఓపిక పట్టడం వేరు, లోపల కుక్కుకోవడం వేరు. రెండూ పైకి ఒక్కతీరుగానే కనిపిస్తాయి.

ఇంకొకటి. మొదటి పోస్టు రెండుసార్లు చదివిన. అత్తమ్మ ఉంది, బాబు ఉన్నాడు, ఆఫీసు ఉంది, గరిటె కూడా ఉంది. మీ ఆయన ఎక్కడ అక్కా?

గోదారి_రేవు
మెతుకుసీమ గారు అడిగిందే నేనూ అడగబోయాను.

మా నాన్నగారికి ఇదే జబ్బు ఉండేది. సాయంత్రం అయిదున్నర నుంచి “ఆఖరి బస్సు వెళ్లిపోయిందా?” అని అడిగేవారు. రిటైరై ఇరవై ఏళ్లు, ఏ బస్సూ లేదు. ఈ జబ్బులో పొద్దుగుంకే వేళ ఆందోళన పెరగడం మామూలేనని డాక్టర్ గారు చెప్పారు. మొదట్లో నేను వాదించేదాన్ని. తర్వాత రెండు పనులు చేశాను. చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేసేసేదాన్ని. ఆ వేళకి ఆయన ముందు చిక్కుడుకాయల బుట్ట పెట్టి ఈనెలు తీయమనేదాన్ని. చేతులకి పని ఉంటే నోటికి ప్రశ్న తగ్గేది. కొన్నాళ్లకి చిక్కుడుకాయలు దొరకని కాలం వచ్చింది, అప్పుడు వేరుశనక్కాయలు.

అడిగినప్పుడల్లా “ఇంకా ఉంది నాన్నా, నేను ఎక్కిస్తాగా” అని చేయి పట్టుకునేదాన్ని. అబద్ధం ఆడకూడదన్న శీలం తప్పానేమో అని ఇప్పటికీ అనుమానం ఉంది.

చెట్టునీడ
అబద్ధం అబద్ధమే కదండీ. ఇక్కడ వదిలేస్తే ప్రతిదానికీ ఒక సాకు దొరుకుతుంది.

పాళీ_అరుగు
చెట్టునీడ గారి పట్టుదల నాకు ఇష్టమే. కానీ మంచి మాటకి బుద్ధుడు అయిదు గుర్తులు చెప్పాడు: వేళకి తగినది, నిజమైనది, మెత్తనిది, మేలు చేసేది, మైత్రితో అన్నది. నిజం అందులో ఒకటి, దాన్ని వదలమని నేననను. “నేను ఉన్నాను నాన్నా, భయం లేదు” అంటే అయిదూ నిలబడతాయి. బస్సు సంగతి ఎత్తక్కర్లేదు. గోదారి_రేవు గారూ, మీ చేయి ఆ మాటే చెప్పి ఉంటుంది.

బోధి_వాడ
ధ్యానం మంచిదే, కాదనను. కానీ ఈ చర్చల్లో ఎప్పుడు చూసినా బౌద్ధం అంటే ముక్కు, ఊపిరి, మోకాలి నొప్పి. మాకు అట్లా రాలేదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నప్పుడు వెంట వచ్చిన లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించారు. ప్రాణుల మీద దయ, దొంగతనం చేయను, అబద్ధం ఆడను, మత్తు ముట్టను, మనుషులంతా సమానమని నమ్ముతాను, ఇవన్నీ అందులో ఉన్నాయి. మా నాన్న హమాలీ. కళ్లు మూసుకుని కూర్చోవడం ఆయన ఎరగడు. కూలి డబ్బులు చేతికొచ్చే శనివారం మాత్రం కల్లు దుకాణం వీధి వదిలేసి చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. పావుగంట ఎక్కువ నడక. ముప్పై ఏళ్లు నడిచాడు. బుద్ధ పూర్ణిమ రోజు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి పంచశీల చెప్పించేవాడు. మా ఇంట్లో సాధన అంటే ఆ చెరువు కట్ట.

రాత్రి_డ్యూటీ
ఈ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

చెట్టునీడ
బోధి_వాడ గారూ, మీ నాన్నగారిది గొప్ప సంగతి. కానీ విపశ్యన నేర్పినవాళ్లూ సంసారులేనండీ. గోయెంకా గారి గురువు ఊ బా ఖిన్ 1948లో బర్మాకి స్వతంత్రం వచ్చినప్పుడు అక్కడి అకౌంటెంట్ జనరల్. లెక్కల ఆఫీసు నడుపుతూనే సిబ్బందికి ధ్యానం నేర్పాడు. గోయెంకా గారు వ్యాపారి, ఆరుగురు కొడుకుల తండ్రి. కొండల్లోకి వెళ్లిపోయినవాళ్లు కారు.

బోధి_వాడ
ఒప్పుకుంటాను. నా మాట కూర్చోవద్దని కాదు. కూర్చుని లేచాక పనిమనిషితో ఎట్లా మాట్లాడుతున్నాం, ఎవరికి ఏ గ్లాసులో టీ ఇస్తున్నాం, అది కూడా ధమ్మంలో భాగమే అంటున్నా.

పాళీ_అరుగు
దీఘ నికాయంలో సిగాలోవాద సుత్తం అచ్చంగా సంసారుల కోసం చెప్పింది. సిగాలుడనే కుర్రాడు తడిబట్టలతో ఆరు దిక్కులకి మొక్కుతుంటే, మొక్కాల్సిన దిక్కులు ఇవి కావంటాడు బుద్ధుడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్లు, పైదిక్కు శ్రమణులు, అంటే సన్యాసులు. పనివాళ్ల విషయంలో యజమానికి అయిదు బాధ్యతలు చెప్పాడు: శక్తికి తగ్గ పని, తిండీ కూలీ, జబ్బు చేస్తే చూసుకోవడం, ఇంట్లో మంచి వంటకం వండితే వాళ్లకీ పెట్టడం, వేళకి సెలవు. ఇది చదివిన నెల నుంచి మా ఇంట్లో పనిచేసే ఆవిడకి నెలకి నాలుగు రోజులు జీతంతో సెలవు ఇస్తున్నాం. ఆ నాలుగు రోజులూ అంట్లు నావి.

మెతుకుసీమ
పడమర దిక్కు గురించి, అదే మీ ఆయన గురించి, ఇంకా జవాబు రాలేదు. అక్కా?

తులసికోట
ఉన్నారు. మంచివారే. ఏడున్నరకి ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చుంటారు. “మా అమ్మ నీ దగ్గరే బాగా ఉంటుంది” అంటారు. నేను ఎప్పుడూ అడగలేదు. కోర్సు నుంచి వచ్చాకైతే అసలు అడగకూడదనుకున్నాను. ఉపేక్షతో ఉండాలి కదా అని.

పాళీ_అరుగు
ఇక్కడ తెలుగు మనల్ని ఇబ్బంది పెడుతోంది. మన వాడుకలో ఉపేక్షించడం అంటే పట్టించుకోకపోవడం. పాళీలో ఉపేక్ఖ అది కాదు. ఉప, ఈక్ష. దగ్గరుండి చూడటం, చూస్తూనే తూకం తప్పకపోవడం. పట్టనితనం దానికి దగ్గరి శత్రువు అని విసుద్ధిమగ్గం అనే పాత పాళీ గ్రంథంలో బుద్ధఘోషుడు రాశాడు. చూడటానికి చుట్టంలాగే ఉంటుంది కాబట్టే దగ్గరి శత్రువు. మీరు అడక్కుండా ఊరుకున్నది ఉపేక్ఖ అని నేననుకోవట్లేదు.

మెతుకుసీమ
ఇదే నేను చెప్పాలనుకున్నది, నాకు మాటలు దొరకలే. మా అమ్మది కూడా ఆ దగ్గరి శత్రువే.

ఉప్పుగాలి
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నా సమస్య వేరు.

మాది భీమవరం వైపు. ఆరెకరాల వనామీ రొయ్యల చెరువులు. మూడు సొంతం, మూడు కౌలు. రెండేళ్ల కిందట కోర్సు చేశాను. ఉపాసకుడు చేయకూడని వర్తకాలు అయిదు అని విన్నాను: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. నాది రెండోదీ, మూడోదీ.

తెల్లవారుజామున మూడింటికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు గట్టు అంచుకి తేలిపోతాయి. జనరేటర్ తిప్పుకుంటూ గట్టు మీదే ఉంటాను. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకెత్తి టార్చి వేస్తే రొయ్య గాజుముక్కలా ఉంటుంది, వీపు లోపల మేత గీత కనిపిస్తుంది. గీత నిండుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, ఆ పూటకి ప్రాణం కుదుటపడుతుంది. వాటిని బతికించడానికి అన్ని రాత్రులు మేలుకుంటాను. నూరు రోజులయ్యాక పట్టుబడి పెట్టించి, అంటే వలేసి అన్నిటినీ పట్టించి, ఐసులో పోయిస్తాను. పొద్దున కూర్చుని “సకల ప్రాణులు సుఖంగా ఉండాలి” అనుకునేటప్పుడు ఆ గీత కనిపిస్తుంది.

వదిలేద్దామంటే బ్యాంకు అప్పు ఉంది. చెరువు కొట్టిన నేల ఉప్పెక్కింది, మళ్లీ వరి వేయాలంటే ఏళ్లు పడుతుంది. ఏం చేయమంటారు?

ఉన్నదున్నట్టు
వరిలో మాత్రం పురుగులు చావవా? ట్రాక్టరు కింద వానపాములు చావవా? అట్లా చూస్తే ఎవరూ ఏ పనీ చేయలేరు.

చెట్టునీడ
సంకల్పాన్నే కర్మ అంటున్నానని బుద్ధుడు చెప్పాడు. దున్నేవాడు వానపాముని చంపాలని దున్నడు. చెరువు వేసేదే పట్టుబడి కోసం. రెండూ ఒకటి కాదు. ఉప్పుగాలి గారికి ఆ తేడా తెలుసు కాబట్టే రాశారు. ఏమీ ఫర్వాలేదని చెప్తే ఆయన్ని మోసం చేసినట్టే.

బోధి_వాడ
ఫర్వాలేదని నేనూ అనను. కానీ రేపే మానెయ్యి అనడం ఇక్కడ కూర్చున్న మనకి తేలిక. అప్పు కట్టేది ఆయన. అన్నా, మానేసే దాకా చేతిలో ఉన్నది ఒకటి ఉంది. పట్టుబడికి వచ్చే కూలీలు, షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లు, వాళ్ల వేళ్లు చూశావా ఎప్పుడైనా? ఐసు నీళ్లలో గంటలకొద్దీ నాని, తెల్లగా పాలిపోయి, చీరుకుపోయి ఉంటాయి. మా చిన్నమ్మ ఆ పని చేసింది. కింది దిక్కు అంటే వాళ్లే.

ఉప్పుగాలి
చూశాను. చూసి పక్కకి తిరిగాను. కూలీలంతా కాంట్రాక్టరు మనుషులు, నా మనుషులు కారు అనుకునేవాణ్ణి. ఆలోచిస్తాను అన్నా.

గోదారి_రేవు
ఉప్పుగాలి గారూ, సిగాలోవాదంలోనే సంపాదన గురించి కూడా ఉంది. నాలుగు పాళ్లు చేసి ఒకటి వాడుకో, రెండు పనిలో పెట్టు, నాలుగోది ఆపదకి దాచు అని. మేం అప్పు తీర్చింది ఆ లెక్కతోనే. ఏటా ఆ నాలుగో పాలుని ‘బయటపడే డబ్బు’ అని వేరే ఖాతాలో వేయండి. ఎప్పటికైనా దారి దొరుకుతుంది.

తులసికోట
పన్నెండు రోజులకి మళ్లీ వచ్చాను. మీరు చెప్పినవి కొన్ని చేశాను, రాయకపోతే బాగుండదు.

లైట్లు అయిదింటికే వేస్తున్నాను. చిక్కుడుకాయలు పనిచేశాయి, అరగంట దాకా. రాత్రి_డ్యూటీ చెప్పినట్టు చూసుకుంటే నాకు దవడలో కాదు, మెడ వెనక మొదలవుతోంది, నరం పట్టేసినట్టు. అది తెలిసినప్పుడు స్టౌ సిమ్‌లో పెట్టి, గట్టు మీద రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపిరి చూస్తున్నాను. నాలుగుసార్లు ఆగగలిగాను. ఒకసారి ఆగలేదు, గొంతు పెరిగింది. వెంటనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

మొన్నామధ్య ఒక సాయంత్రం ఆమె అడిగినప్పుడు కట్టేశానని చెప్పకుండా, “గ్యాస్ అంటే ఎందుకత్తమ్మా నీకు అంత భయం?” అని అడిగాను. ఎన్నాళ్ల నుంచో అదే ప్రశ్న వింటున్నాను, ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. “పక్క వాటాలో పిల్ల కాలిపోయింది గద. పంపు స్టౌ పేలి. నేనే దుప్పటి కప్పిన” అంది. ఎప్పటి సంగతి అంటే చెప్పలేకపోయింది. రాత్రి మా ఆయన్ని అడిగితే, ఆయన ఆరో తరగతిలో ఉన్నప్పుడు జరిగిందట. ఆ పిల్లది పదహారేళ్ల వయసు, బతకలేదు.

అప్పుడే రెండో మాట కూడా అడిగాను. అరవలేదు, ఏడవలేదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నాకొక్కదానికే కష్టంగా ఉంది, వారంలో మూడు రోజులు మీరు తొందరగా రావాలి అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “నువ్వు ఎప్పుడూ చెప్పలేదు కదా” అన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆయనవి. ఆ రోజుల్లో నేను మేడ మీద గంట కూర్చుంటున్నాను.

మెతుకుసీమ
అక్కా, చానా సంతోషం. ఆ మూడు రోజులు ఆయన ఎట్లా ఉన్నాడు?

తులసికోట
మొదటి బుధవారం ఎనిమిదింటికి కిందికి దిగేసరికి తల పట్టుకుని కూర్చున్నారు. “ముప్పై ఒక్కసారి అడిగింది” అన్నారు. లెక్కపెట్టారు పాపం. ఇప్పుడు ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమెని చేయి పట్టుకుని స్టౌ దాకా తీసుకెళ్లి, నాబ్ మీద ఆమె వేలే పెట్టి చూపిస్తున్నారు. అది నాకు తట్టలేదు. ఆమె తన చేత్తో తిప్పి చూసుకుంటే కాస్త ఎక్కువసేపు నెమ్మదిగా ఉంటోంది.

పాళీ_అరుగు
భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువుని ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోశాడు, శిష్యుడు ఆనందుడు కడిగాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు తర్వాత. నాకెప్పుడూ ఆ ‘చెరో వైపు’ దగ్గర కళ్లు ఆగుతాయి. బుద్ధుడు కూడా ఒక్కడే ఎత్తలేదు.

రాత్రి_డ్యూటీ
మంచం మీద పేషెంట్‌ని పక్కకి తిప్పేటప్పుడు ఇద్దరం ఉండాలన్నది మా వార్డులో నియమం. ఇది ప్రింటు తీసి మా బ్రేక్ రూమ్‌లో పెడతాను.

ఉన్నదున్నట్టు
మెతుకుసీమ గారు అడిగారని మా అమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మమ్మ ఆ పదకొండేళ్లలో ఒక్కసారే మూడు రోజులు పుట్టింటికి వెళ్లిందట. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో కూర్చుని ఏడ్చిందట, మా అమ్మ చిన్నపిల్ల, పక్కనే ఉంది. నాకు ఇన్నాళ్లూ తెలియదు. పైన నేను రాసింది తొందరపాటు.

ఉప్పుగాలి
నిన్న పట్టుబడి అయింది. ఈసారి పనివాళ్లందరికీ రబ్బరు గ్లౌజులు తెప్పించాను, మధ్యాహ్నం మా ఇంటి నుంచే భోజనం. మా ఆవిడ గోంగూర పప్పు చేసింది. కాంట్రాక్టరు నవ్వాడు, నవ్వనీ.

కౌలు చెరువుల గడువు జూన్‌తో అయిపోతోంది. భూమి యజమాని కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఈ ఏడాది రాయించుకోనని చెప్పాను. మిగిలిన మూడెకరాల సంగతి ఇంకా తేలలేదు.